పిండిమర పక్కన రికార్డయిన మాట: సరిగా వినబడని ఆడియోను కోర్టులో సాక్ష్యంగా చూపడం ఎలా?

చీనితోట (సోమవారం, ఉదయం 9:40)

అందరికీ నమస్కారం. మాది తాడిపత్రి వైపు ఒక పల్లె. మూడెకరాల ఇరవై సెంట్ల చేను కొనడానికి మా నాన్నగారు నోటిమాట మీద నాలుగు లక్షల రూపాయలు బయానా ఇచ్చారు. అందులో మూడు లక్షలు బ్యాంకు ఖాతా ద్వారా వెళ్లాయి, మిగిలిన లక్ష చేతికిచ్చారు. ఇద్దరూ చిన్ననాటి నుంచి ఎరిగినవాళ్లు కావడం వల్ల అగ్రిమెంటు రాసుకోలేదు. ఇప్పుడు చేను ధర పెరిగింది. అసలు అమ్మకం మాటే జరగలేదనీ, ఖాతాలో పడిన మూడు లక్షలు పాత చేబదులు తీర్చినవనీ అమ్మకందారు అంటున్నారు.

దావా వేయడానికి ముందు నేను ఒకసారి వారి ఇంటికి వెళ్లి మాట్లాడాను. చొక్కా జేబులో ఉన్న ఫోన్‌లో మా మాటలు 11 నిమిషాల 40 సెకన్లు రికార్డయ్యాయి. వారి గోడకు ఆనుకునే పిండిమర ఉంది, ఆ సమయంలో అది ఆడుతోంది. 6 నిమిషాల 52వ సెకను దగ్గర ఆయన నాతో అన్న మాట "మీ నాయనకు ఆ చేను నేను రాసియ్యల్ల" అని నాకు వినిపిస్తోంది. అదే ముక్కను పెద్దమనుషుల ముందు వినిపించినప్పుడు, వారి తరఫువాళ్లు అది "రాసియ్యల్యా" అన్నారు. మన సీమ పలుకుబడి తెలియనివారి కోసం చెబుతున్నాను, మొదటిదానికి రాసి ఇవ్వాలి అని అర్థం, రెండోదానికి రాసి ఇవ్వలేదు అని అర్థం. ఒక్క అక్షరం తేడాతో మా దావా నిలబడవచ్చు, పోవచ్చు.

ఊళ్లోని ఒక స్టూడియోలో ఇచ్చి శుభ్రం చేయించాను. మర చప్పుడు చాలావరకు పోయింది కానీ గొంతు రేకుడబ్బాలో నుంచి వచ్చినట్టు మారిపోయింది. ఆ ఫైలును కోర్టులో ఇవ్వవచ్చా, ఇంకా మెరుగ్గా చేయించే దారి ఏదైనా ఉందా అని అడగడానికి ఇక్కడికి వచ్చాను.

బురుజు_కర్నూలు (సోమవారం, ఉదయం 11:05)

నేను కర్నూలులో సివిల్ వైపు వకాల్తాలు చేస్తున్న న్యాయవాదిని. శుభ్రం చేసిన ఫైలు సంగతి తరువాత చూద్దాం. మొదట నాకు మూడు విషయాలు చెప్పండి. రికార్డు చేసిన ఫోను ఇప్పుడు ఎవరి దగ్గర ఉంది? ఆ ఫైలు ఫోనులో మొదట పుట్టిన చోటనే, పుట్టిన పేరుతోనే ఉందా? స్టూడియోకు మీరు ఫోనునే ఇచ్చారా, లేక నకలు పంపారా?

ఇవి ఎందుకు అడుగుతున్నానంటే, 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్‌లోని 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డు నకలును సాక్ష్యంగా చూపాలంటే దానితో పాటు ధ్రువపత్రం దాఖలు చేయాలి. పాత చట్టంలో 65బీ సెక్షన్ కింద ఇచ్చిన పత్రానికీ దీనికీ తేడా ఉంది. కొత్త నమూనాలో రెండు భాగాలున్నాయి, మొదటిదాని మీద పరికరం ఎవరి చేతిలో ఉందో వారు, రెండోదాని మీద నిపుణుడు సంతకం చేయాలి. రెండింటిలోనూ ఫైలు హాష్ విలువ, అంటే ఆ ఫైలుకు వేలిముద్ర లాంటి అంకెల, అక్షరాల వరుస రాయాలి. అసలు ఫోనునే కోర్టుకు తెచ్చి, దాని యజమాని బోనెక్కి ఇది నాదే, ఇందులోనే రికార్డు చేశాను అని చెబితే, ధ్రువపత్రం అవసరం లేదని 2020 జూలైలో సుప్రీంకోర్టు అర్జున్ పండిత్‌రావ్ ఖోత్కర్ కేసులో స్పష్టం చేసింది. అందువల్ల మీ చేతిలో ఉన్న అన్నిటికన్నా బలమైన వస్తువు ఆ ఫోను. శుభ్రం చేసిన ఫైలు దానికి తోడుగా నిలబడగలదే తప్ప దాని స్థానంలోకి రాలేదు.

చీనితోట (సోమవారం, మధ్యాహ్నం 1:20)

ఫోను నా దగ్గరే ఉంది సార్, ఇప్పటికీ రోజూ అదే వాడుతున్నాను. ఫైలును తెరిచి వినడమే కానీ కత్తిరించలేదు, పేరు మార్చలేదు. స్టూడియోకు మాత్రం వాట్సాప్‌లో పంపాను.

జమ్మలమడుగు_ఆడపడుచు (సోమవారం, మధ్యాహ్నం 2:15)

తమ్ముడూ, రోజూ అదే ఫోను వాడుతున్నానన్న మాట చదవగానే గుండె జారిపోయింది, అందుకే రాస్తున్నాను. మా అత్తగారింటి ఆస్తి తగాదాలో నా దగ్గర కూడా ఒక రికార్డింగు ఉండేది. గొంతులు స్పష్టంగా వినబడేవి, ఎవరికీ అనుమానం వచ్చే మాట ఒక్కటి కూడా లేదు. ఫోను తెర పగిలితే ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకొని, పాత ఫోనును మార్పిడి కింద ఇచ్చేసి కొత్తది తీసుకున్నాను. విచారణ సమయంలో ఎదుటి పక్షం వకీలు అసలు పరికరం ఎక్కడ అని ఒక్క ప్రశ్న అడిగారు. ధ్రువపత్రం మీద సంతకం పెట్టబోతే, ఆ ఫైలు ఏ పరికరంలో పుట్టిందో చూపడానికి నా దగ్గర డబ్బా కూడా మిగల్లేదు. ఆ పెన్‌డ్రైవ్ ఇప్పటికీ మా బీరువాలో ఉంది. మీరు ఈరోజే ఇంకొక ఫోను కొనుక్కొని, దీన్ని పక్కన పెట్టండి.

పాతరేడియో_కడప (సోమవారం, రాత్రి 8:30)

నేను ముప్పై ఏళ్లకు పైగా రేడియో స్టూడియోలలో శబ్దం పనిలోనే గడిపి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. వినబడని మాటను వినబడేలా చేయడంలో ఏది సాధ్యమో, ఏది కాదో నాకు తెలిసినంత వరకు రాస్తాను.

పిండిమర చప్పుడు ఒకటే చప్పుడు కాదు, అందులో కనీసం మూడు రకాలున్నాయి. మొదటిది మోటారు హోరు. మన కరెంటు సెకనుకు 50 సార్లు మారుతుంది కాబట్టి ఆ హోరు 50, 100, 150, 200 హెర్ట్జ్‌ల దగ్గర సన్నని గీతల్లా నిలబడి ఉంటుంది. ఆ గీతలను ఒక్కొక్కటిగా తీసివేయడం సులభం, మాటకు హాని కూడా తక్కువ, ఎందుకంటే మాట అర్థం కావడానికి కావలసిన సమాచారంలో ఎక్కువ భాగం 300 నుంచి 3400 హెర్ట్జ్‌ల మధ్య ఉంటుంది. పాతకాలపు టెలిఫోను అంతమేరకే మోసేది, అయినా మనం తరతరాలుగా దానిలోనే మాట్లాడుకున్నాం. రెండోది బెల్టు కొట్టుకునే టపటప. అది మాట మీద పడినచోట మాటను మింగేస్తుంది, పడని చోట వదిలేస్తుంది. మూడోది రాళ్ల మధ్య గింజ నలిగే గరగర, ఇది అన్ని స్థాయిలలోనూ పరుచుకొని ఉంటుంది. దీన్ని తగ్గించాలంటే ఎవరూ మాట్లాడకుండా మర ఒక్కటే వినబడే రెండు మూడు సెకన్ల ముక్కను నమూనాగా తీసుకొని, ఆ నమూనాకు సరిపోయే శబ్దాన్ని మిగతా భాగమంతటా కొంత తగ్గించాలి. 'కొంత' అన్న మాటను గట్టిగా పట్టుకోండి. ఆరు నుంచి పది డెసిబెళ్ల వరకు తగ్గిస్తే చెవికి హాయిగా ఉంటుంది. దానికి మించి లాగితే మాటల చుట్టూ నీటి బుడగలు పగులుతున్నట్టు కొత్త చప్పుళ్లు పుడతాయి, హల్లులు అరిగిపోతాయి. మీ స్టూడియోవారు చేసింది ఇదే అయి ఉండాలి. పాటకు పనిచేసే చెయ్యి వారిది, వినేవారికి ఇంపుగా ఉండాలని చూస్తారు. సాక్ష్యానికి పనిచేసే చెయ్యి వేరు, అది మాటకు ఏమీ కలపకూడదు, మాట నుంచి ఏమీ తీయకూడదు.

తిరిగి తేలేనివి కూడా ఉన్నాయి. జేబు గుడ్డ మైకును రుద్దినప్పుడు పైస్థాయి శబ్దాలు మందగిస్తాయి, వాటిని కొంత లేపవచ్చు కానీ అసలే నమోదు కానిదాన్ని లేపలేము. శబ్దం మరీ ఎక్కువై అలల తలలు తెగిపోయినచోట ఆ తలలు ఎలా ఉండేవో ఎవరూ చెప్పలేరు. ఫైలును చిన్నది చేయడానికి ఫోను పారేసిన వివరాలు పోయినట్టే.

పని చేసే పద్ధతి గురించి ఒక మాట. ఫోను నుంచి ఫైలును కేబుల్ ద్వారా యథాతథంగా దింపి, వెంటనే షా-256 పద్ధతిలో హాష్ తీయించండి. 64 అంకెలు, అక్షరాల వరుస ఒకటి వస్తుంది. ఫైలులో ఒక్క చుక్క మారినా ఆ వరుస పూర్తిగా మారిపోతుంది. వాట్సాప్‌లో పంపిన నకలుకు ఈపాటికే పేరు మారిపోయి ఉంటుంది, దాన్ని ఇక వాడకండి. దింపిన ఫైలును కూడా ముట్టుకోకుండా, దాని నకలును నష్టం లేని వేవ్ రూపంలోకి మార్చి దానిమీదే పని చేయాలి. ఏ ఫిల్టరు ఏ విలువతో ఏ వరుసలో వేశారో కాగితం మీద రాసుకోవాలి, అదే కాగితం చూసి ఇంకొకరు అదే పని చేస్తే అదే ఫలితం రావాలి. స్టూడియోవారిని ఆ కాగితం అడగండి. వారు ఇవ్వలేకపోతే ఆ ఫైలు విలువ మీకే అర్థమవుతుంది.

కోడుమూరు_యువకుడు (సోమవారం, రాత్రి 10:10)

పెద్దాయన చెప్పినవన్నీ పాత పద్ధతులని నాకు అనిపించింది, తప్పుగా అనుకోవద్దు. ఇప్పుడు కృత్రిమ మేధతో పనిచేసే సాధనాలు వచ్చాయి. నేను మా పెళ్లి వీడియోలో మేళం మధ్య వినబడని మాటలను ఒక సాధనంలో వేస్తే, స్టూడియోలో కూర్చొని మాట్లాడినంత స్పష్టంగా వచ్చాయి. అది వాడితే 6:52 దగ్గరి మాట తేలిపోతుంది కదా?

పాతరేడియో_కడప (మంగళవారం, ఉదయం 6:45)

నాయనా, తప్పుగా అనుకోవడానికి ఏమీ లేదు, ఈ ప్రశ్న రావలసిందే. నేను చెప్పిన ఫిల్టరు ఉన్నదానిలో నుంచి తీసివేస్తుంది. మీరు చెప్పిన సాధనాలలో చాలావాటి పని వేరు. వేల గంటల మాటలు విని నేర్చుకొని, చెడిపోయినచోట ఏ శబ్దం ఉండి ఉంటుందో ఊహించి, ఆ శబ్దాన్ని కొత్తగా తయారుచేసి పెడతాయి. పెళ్లి వీడియోకు అది వరం. ఇక్కడ తగాదా అంతా ఒక్క అక్షరం మీద ఉంది, ఆ అక్షరాన్నే యంత్రం ఊహించి పెడితే అది అమ్మకందారు నోట వచ్చిన మాట కాదు, యంత్రం మాట. సీమ పలుకుబడిని ఎన్నడూ వినని యంత్రం 'రాసియ్యల్ల'ను ఏ మాటగా మారుస్తుందో కూడా ఆలోచించండి.

బురుజు_కర్నూలు (మంగళవారం, ఉదయం 9:20)

పెద్దాయన మాటకు తోడుగా ఒక్క ఉదాహరణ చెబుతాను. 2024 మార్చిలో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం కింగ్ కౌంటీలో ఒక హత్యకేసు విచారణలో, కృత్రిమ మేధతో మెరుగుపరచిన వీడియోను ముద్దాయి తరఫువారు దాఖలు చేయబోతే న్యాయమూర్తి నిరాకరించారు. అది వీడియో, ఇది ఆడియో, దేశమూ చట్టమూ వేరు. అయినా ఎదుటి వకీలు మిమ్మల్ని బోనులో నిలబెట్టి అడగబోయే ప్రశ్న మాత్రం అదే అవుతుంది.

పెన్నేటిగట్టు (మంగళవారం, మధ్యాహ్నం 12:30)

నేను అనంతపురంలో తెలుగు భాషాశాస్త్రం చెబుతాను. చర్చంతా శబ్దం చుట్టూ తిరుగుతోంది, మాట చుట్టూ కూడా కొంత తిరగాలి.

'ఇయ్యల్ల', 'ఇయ్యల్యా' అనే రెంటినీ నెమ్మదిగా పలికి చూడండి. మొదటిదానిలో లకారం ఒత్తి నిలుస్తుంది, ఆ తరువాతి అకారం పొట్టిది. రెండోదానిలో లకారం మీద నాలుక నిలవదు, వెంటనే జారిపోతుంది. చివర మనం 'యా' అని రాస్తున్నాం కానీ నోట పలికేది నిండు 'యా' కాదు, 'వచ్చాడు' అన్నప్పుడు 'చ్చా'లో వినబడే విరిసిన అచ్చు అది, పైగా దీర్ఘం. అంటే తేడా ఒకచోట కాక మూడుచోట్ల ఉంది, లకారం నిడివిలో, అచ్చు నిడివిలో, అచ్చు గుణంలో. ఈ మూడూ స్పెక్ట్రోగ్రామ్‌లో, అంటే శబ్దాన్ని బొమ్మగా చూపే పటంలో, కంటికి కనబడేవే, అచ్చు గుణాన్ని చూపే పట్టీలు పెద్దాయన చెప్పిన 300, 3400ల మధ్యనే ఉంటాయి. అదే తగాదా శకార సకారాల మీద ఉండి ఉంటే, వాటి బలమంతా పైస్థాయిలో ఉంటుంది కాబట్టి జేబులోని ఫోను దాన్ని పోగొట్టి ఉండేది. ఆ విధంగా మీకు కొంత అదృష్టం ఉంది. అయితే సరిగ్గా ఆ మాట చివర మీద బెల్టు దెబ్బ పడిందేమో చూడాలి.

రెండో విషయం దీనికన్నా ముఖ్యమైనది. అస్పష్టమైన మాటను వినేముందు అది ఫలానా మాట అని ఎవరైనా చెబితే, మన చెవి ఆ మాటనే వింటుంది, ఆ తరువాత ఎంత ప్రయత్నించినా వేరేలా వినలేదు. న్యూజిలాండ్‌లో డేవిడ్ బెయిన్ కేసు దీనికి పేరుపొందిన ఉదాహరణ. 1994లో అతడు అత్యవసర సేవకు చేసిన ఫోన్ కాల్‌లో ఒకచోట నేరం ఒప్పుకున్నట్టు వినబడే ముక్క ఉందని చాలా ఏళ్ల తరువాత వాదన వచ్చింది. నిపుణులలో కొందరు అవి మాటలేనన్నారు, కొందరు అది ఊపిరి చప్పుడు మాత్రమే కావచ్చునన్నారు. 2009లో పునర్విచారణకు ముందు ఆ ముక్కను జ్యూరీకి వినిపించరాదని అక్కడి సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆస్ట్రేలియాకు చెందిన ధ్వనిశాస్త్రవేత్త హెలెన్ ఫ్రేజర్ అదే కాల్‌ను శ్రోతలకు వినిపించి పరిశోధన చేశారు. ఏమీ చెప్పకుండా వినిపించినప్పుడు ఎవరూ పట్టని మాటను, ఇది ఉందేమో చూడండి అని సూచించిన తరువాత పలువురు విన్నారు.

చీనితోట గారూ, మీరు మొదటి పోస్టులోనే ఆ రెండు మాటలనూ రాసేశారు కాబట్టి ఈ చర్చ చదివిన మేమెవరమూ ఆ పనికి ఇక చెల్లము. మీరు సైతం చెల్లరు. వివాదం గురించి ఏమీ తెలియని, తాడిపత్రి వైపు పలుకుబడిలో పుట్టి పెరిగిన ముగ్గురిని వెతకండి. కోస్తా నుంచి వచ్చినవారికి ఈ రెండు రూపాలూ కొత్త, వారి చెవి తనకు తెలిసిన మాటను వెతుక్కుంటుంది. ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా, మొత్తం 11 నిమిషాలూ వినిపించి, వినబడింది వినబడినట్టు రాయమనండి. వినబడనిచోట గీత గీయమనండి. ఆ గీతలకు కూడా విలువ ఉంది.

జమ్మలమడుగు_ఆడపడుచు (మంగళవారం, మధ్యాహ్నం 3:00)

ఆ ముక్కను ఇక్కడ పెడితే అందరం విని చెప్పవచ్చునని నేను రాయబోతూ ఆగిపోయాను. ఎదుటివారి గొంతును ఇలా నలుగురిలో పెట్టడం ధర్మం కూడా కాదు.

చీనితోట (మంగళవారం, సాయంత్రం 6:10)

ఇన్నాళ్లూ కనబడినవారికందరికీ 'రాసియ్యల్ల అన్నాడు, వినండి' అని చెప్పి మరీ వినిపించాను. నా చేతులతో నేనే సాక్షులను పాడు చేసుకున్నానని ఇప్పుడు తెలిసింది. ఇంకొక సందేహం, ఆయనకు చెప్పకుండా రికార్డు చేశాను, ఆ కారణంతో కొట్టేస్తారా?

బురుజు_కర్నూలు (మంగళవారం, రాత్రి 9:45)

మీరే పాల్గొన్న సంభాషణను మీరే రికార్డు చేసుకున్నారు. అవతలివారికి తెలియకుండా రికార్డు చేశారన్న ఒక్క కారణం మీద సంబంధమున్న సాక్ష్యాన్ని తోసిపుచ్చనక్కరలేదని 1972లో ఆర్.ఎం. మల్కానీ కేసు నాటి నుంచి సుప్రీంకోర్టు చెబుతూ వస్తోంది. ఇతరులు ఇద్దరు మాట్లాడుకుంటుంటే దొంగచాటుగా పట్టడం మాత్రం వేరే సంగతి, అక్కడ గోప్యత హక్కు అడ్డు వస్తుంది.

మీకు అసలు పరీక్ష 1985లో రామ్‌సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన షరతుల దగ్గర ఉంది. గొంతు ఎవరిదో ఎరిగినవారు గుర్తుపట్టాలి, రికార్డింగు సరైనదని రుజువు కావాలి, మార్పులు చేసే అవకాశం లేదని తేలాలి, వివాదానికి సంబంధం ఉండాలి, భద్రంగా సీలు చేసి ఉంచి ఉండాలి, చివరగా గొంతు స్పష్టంగా వినబడాలి, ఇతర చప్పుళ్లలో మునిగిపోకూడదు. మీ రికార్డింగు ఈ చివరి షరతు దగ్గరే తడబడుతోంది. అందుకే మీ వకీలుగారితో మాట్లాడి, సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 26వ ఆర్డరు, 10ఏ రూలు కింద శాస్త్రీయ పరీక్షకు దరఖాస్తు వేయించండి. కోర్టు ద్వారా నిపుణుని దగ్గరకు వెళ్లిన ఫోనుకు ఉండే విలువ, మీరు సొంతంగా తీసుకువెళ్లినదానికి ఉండదు.

దావా మొత్తాన్ని ఆ ఒక్క అక్షరానికి వేలాడదీయకండి. నోటిమాట ఒప్పందం చెల్లుతుంది కానీ దాన్ని రుజువు చేసే బరువంతా మీ మీదే ఉంటుంది. బ్యాంకు పద్దు, బయానా ఇచ్చిన రోజున అక్కడ ఉన్నవారి సాక్ష్యం, ఆ తరువాత ఇరువైపులా జరిగిన పనులు అన్నీ కలిసి నిలబడాలి. ఇలాంటి చిక్కులో ఉన్న ఇతర సభ్యుల కోసం ఒక మాట చేరుస్తున్నాను. అప్పు బాకీ ఉందని ఫోనులో ఒప్పుకున్నాడు కదా అని గడువు గురించి నిశ్చింతగా ఉండవద్దు. కాలపరిమితి చట్టం 18వ సెక్షన్ కింద గడువు కొత్తగా మొదలుకావాలంటే ఒప్పుకోలు రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి.

చీనితోట (నాలుగు వారాల తరువాత, ఆదివారం, ఉదయం 10:00)

పెద్దలకు నమస్కారం. ఏం జరిగిందో చెప్పడం నా బాధ్యత అనుకొని రాస్తున్నాను.

మరుసటి రోజే వేరే ఫోను కొన్నాను. పాతదాన్ని మా వకీలుగారి ముందర ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, ఫైలును కేబుల్‌తో దింపించి హాష్ తీయించి, ఫోనును కవరులో పెట్టి సీలు వేయించాను. స్టూడియోవారిని ఫిల్టర్ల కాగితం అడిగితే అలాంటిది రాసుకోలేదన్నారు. ఆ ఫైలును పక్కన పెట్టేశాం.

పెన్నేటిగట్టు గారు చెప్పినట్టు వకీలుగారే ముగ్గురిని వెతికారు, వారెవరో నాకు చెప్పలేదు. ముగ్గురూ మా వైపు పల్లెలవారేనట. 6:52 దగ్గర ఇద్దరు 'రాసియ్యల్ల' అని రాశారు. మూడోవారు 'రాసియ్య' వరకు రాసి గీత గీశారు. స్పెక్ట్రోగ్రామ్‌లో చూస్తే ఆ గీత గీసినచోట సగం మీద బెల్టు దెబ్బ పడి ఉందని తెలిసింది.

ఇంతకన్నా పెద్ద విషయం ఒకటి బయటపడింది. ముగ్గురి రాతలలోనూ 9 నిమిషాల 31వ సెకను దగ్గర ఒకే వాక్యం ఉంది. అక్కడ గింజ అయిపోయి మర ఆపారు, గరగర ఆగిపోయింది. ఆయన లోపలికి వెళుతూ "సర్వేయరు వచ్చి కొలిసినాంక మిగిలిన దుడ్లు తెచ్చుకోండి" అన్నారు. ముగ్గురిలో ఒక్కరు కూడా ఆ వాక్యంలో గీత గీయలేదు. నాలుగు నెలలుగా నేను ఆ 6:52 దగ్గరికి వెళ్లి, ఆ ఒక్క మాట విని, ఆపేసేవాణ్ణి. చివరి రెండు నిమిషాలు నేను ఒక్కసారి కూడా మనసుపెట్టి వినలేదు.

బురుజు_కర్నూలు (ఆదివారం, ఉదయం 11:30)

చేబదులు తీర్చినవారికి కొలతలూ, మిగిలిన డబ్బూ ఎందుకు? ఆ వాక్యాన్ని ఎదుటివారు ఎలా వివరిస్తారో చూడాలి. శాస్త్రీయ పరీక్ష దరఖాస్తులో రెండు ముక్కలనూ సమయంతో సహా చూపించండి.

పాతరేడియో_కడప (ఆదివారం, మధ్యాహ్నం 12:15)

9:31 దగ్గరి ముక్కకు ఏ ఫిల్టరూ వేయవద్దు. అసలు ఫైలును ఉన్నదున్నట్టే వినిపించండి. దానికి ముందు అరనిమిషం నుంచి, మర ఇంకా ఆడుతున్నప్పటి నుంచి మొదలుపెట్టండి, చప్పుడు దానంతట అదే ఆగిందని న్యాయమూర్తిగారి చెవికి తెలియాలి. 6:52 దగ్గరి ముక్కకు మాత్రం శుద్ధి చేయనిది ముందు, చేసినది తరువాత వినిపించమని నిపుణుణ్ణి కోరండి.

చీనితోట (ఆదివారం, మధ్యాహ్నం 12:50)

అలాగే చేస్తాం. దరఖాస్తు వచ్చే వాయిదాకు వేస్తున్నారు. సీలు వేసిన ఫోను ఇప్పుడు వకీలుగారి దగ్గరే భద్రంగా ఉంది.